ఎవరి పాపం?

నా చిన్నతనంలో తమ్ముడికి అమ్మవారు పోసింది. నాయనమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, అమ్మవైపు తిరిగి అడిగిన మొదటి మాట, "ఏ మొక్కు మరిచిపోయావే?" అని. అమ్మ కళ్ళొత్తుకుంటూ చాలాసేపు ఆలోచించింది.

ఇంగ్లండు చరిత్ర చదువుతుంటే నాకు ఆ మాటే గుర్తుకొస్తుంది. అక్కడ 1642లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం మొదలైంది. అన్న ఇటూ తమ్ముడు అటూ అయిన ఇళ్ళున్నాయి. 1649 జనవరి 30న మొదటి ఛార్లెస్ తల నరికారు. 1660లో ఆయన కొడుకు గద్దెనెక్కగానే, ఆ తేదీన దేశమంతా పశ్చాత్తాపంతో ఉపవాసం ఉండాలన్నారు. ఉపవాసాలు జరుగుతూనే ఉన్నాయి, 1665లో లండన్ మీద ప్లేగు విరుచుకుపడింది. లెక్కకెక్కిన చావులే 68 వేల పైచిలుకు. రోగం వచ్చిన ఇంటికి తాళం వేసి, తలుపు మీద ఎర్ర శిలువ గీసి, ప్రభువు కరుణ కోరుతూ రాసేవారు. లోపల ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లల్ని కూడా బయటికి రానిచ్చేవారు కాదు.

ఇక పాపం ఎవరిదన్న పంచాయితీ! రాజును చంపిన పాపమని రాజు పక్షంవారు, కొత్త రాజుగారి ప్రియురాళ్ళ భాగోతమని ఎదుటిపక్షంవారు. 1666లో లండన్ తగలబడ్డాక పార్లమెంటు హాబ్స్ రాసిన 'లెవయతన్' పుస్తకం మీద కూడా పడింది. దైవకోపమంటూనే కుక్కల్నీ పిల్లుల్నీ చంపించారు. ఎలుకలకి పండగే కదండీ! ఎలుక మీద ఉండే చిన్న పురుగే ప్లేగును మోస్తుందని సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు కనిపెట్టేసరికి 1898 వచ్చింది.

ఈమ్ అనే కొండపల్లెకి లండన్ నుంచి దర్జీ ఇంటికొచ్చిన బట్టలతో రోగం దిగిందంటారు. మతగురువు మాంపెసన్ మాట మీద ఊరివాళ్ళు పొలిమేర దాటమని కట్టుబడ్డారు. పొరుగూళ్ళవాళ్ళు సరుకులు పొలిమేరలో పెట్టి వెళ్ళేవారు. ఆయన తన పిల్లల్ని మాత్రం ముందే పంపించేశాడు. ఆ విషయంలో నాకు ఆయన మీద కాస్త కోపమే. భార్య కేథరిన్ కదలనంది, 1666 ఆగస్టులో పోయింది. అదే నెలలో ఎలిజబెత్ హేంకాక్ అనే ఆవిడ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు బిడ్డల్నీ తన చేతులతోనే పూడ్చుకుంది. ఆవిణ్ణి ఏ మొక్కు మరిచావని అడగమంటారు?

మా తమ్ముడు గట్టెక్కాడు. అమ్మ మాత్రం ఆ మరిచిపోయిన మొక్కేమిటో చివరిదాకా వెతుక్కుంటూనే ఉంది.