పదకొండో ఏట ఏ బడి?

ఇంగ్లండ్‌లో పిల్లలు పదకొండేళ్లకు ప్రైమరీ బడి ముగించి సెకండరీ బడికి మారతారు. తెలుగు నేల మీద ఐదో తరగతి అయ్యాక హైస్కూలు గడప తొక్కే ఈడు కూడా ఇంచుమించు ఇదే. ఆటిజం ఉన్న బిడ్డను ఏ సెకండరీ బడిలో చేర్చాలన్నది అక్కడ ఏటా వేల ఇళ్లలో నెలల తరబడి సాగే చర్చ. ఈ చర్చకు పెద్ద వయసేమీ లేదు. 1971 దాకా ఆ పిల్లల్లో చాలామందికి ఏ బడి అన్నది అటుంచి, బడి ఉండి తీరాలన్న చట్టమే లేదు.

1944 నాటి విద్యాచట్టం అక్కడి సెకండరీ చదువుకు పునాది. పిల్లలందరికీ ఉచితంగా సెకండరీ చదువు చెప్పాలని ఆ చట్టం నిర్దేశించింది. పదకొండో ఏట పరీక్ష పెట్టి, మార్కులను బట్టి కొందరిని గ్రామర్ స్కూళ్లకు, కొందరిని టెక్నికల్ స్కూళ్లకు, మిగిలిన వారిని సెకండరీ మోడర్న్ స్కూళ్లకు పంపేవారు. అదే చట్టంలోని 57వ సెక్షన్ మరో తలుపు మూసింది. బడిలో చదువుకునే శక్తి లేదని తేల్చిన పిల్లలను విద్యాశాఖ లెక్కల్లోంచి తీసేసి ఆరోగ్యశాఖకు అప్పగించవచ్చు. అలా తేల్చాక ఆ బిడ్డకు మిగిలేవి శిక్షణ కేంద్రం, మానసిక వికలాంగుల ఆసుపత్రి, లేదా ఇంటి నాలుగు గోడలు. 1945లో వచ్చిన నిబంధనలు ప్రత్యేక బోధన అవసరమైన పిల్లలను 11 రకాలుగా విడదీశాయి. అంధులు, బధిరులు, మూర్ఛ ఉన్నవారు, మధుమేహం ఉన్నవారు సైతం ఆ జాబితాలో ఉన్నారు. ఆటిజం లేదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసం 1943లోనే వచ్చింది. వియన్నాలో వైద్యుడు హన్స్ ఆస్పెర్గర్ ఇలాంటి పిల్లల గురించే జర్మన్ భాషలో రాసిన వ్యాసం 1944లో వెలువడింది. ఆటిజం అన్న మాట లండన్ విద్యాశాఖ బల్లల దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఆ నడుమ ఏళ్లలో వైద్యులు ఆటిజాన్ని బాల్యంలో వచ్చే మతిభ్రమణంగా చూశారు. తల్లి ప్రేమగా పెంచకపోవడం వల్లనే బిడ్డ ఇలా ముడుచుకుపోయాడన్న సిద్ధాంతం అట్లాంటిక్‌కు రెండు వైపులా చలామణిలో ఉండేది. బిడ్డకు బడి అడగడానికి వెళ్లిన తల్లి ముందు తన మీద పడిన నిందకు జవాబు చెప్పుకోవలసి వచ్చేది. ఈ చరిత్రలో అన్నిటికంటే క్రూరమైన ఘట్టం ఇదే.

ఆ నిందను తల్లిదండ్రులే తిప్పికొట్టారు. 1962లో లండన్‌లో కొందరు కలిసి ఒక సంఘం పెట్టారు. మొదట దాని పేరులో ‘సైకోటిక్’ అన్న మాట ఉండేది. కొద్దికాలానికే దాన్ని తీసేసి నేషనల్ సొసైటీ ఫర్ ఆటిస్టిక్ చిల్డ్రన్ అని మార్చుకున్నారు. స్థాపకుల్లో ఒకరైన లోర్నా వింగ్ మానసిక వైద్యురాలు. ఆమె కూతురికీ ఆటిజం ఉండేది. వీరికి సిబిల్ ఎల్గర్ తోడయ్యారు. ఆమె మాంటిస్సోరి పద్ధతిలో తర్ఫీదు పొందిన టీచరు. లండన్‌లోని సెయింట్ జాన్స్ వుడ్‌లో, తన ఇంటి నేలమాళిగలోనే కొద్దిమంది పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటి వైద్యం బిడ్డను స్వేచ్ఛగా వదిలేసి, ఆటలో మనసు విప్పేదాకా ఎదురుచూడమనేది. ఎల్గర్ దారి వేరు. ఏ పని తర్వాత ఏ పని వస్తుందో పిల్లలకు ముందే తెలిసే క్రమం, తక్కువ మాటలు, స్పష్టమైన మాటలు, ఒకసారికి ఒకే పని. బడికి పనికిరారని తీర్మానించిన పిల్లలు అక్కడ కుదురుగా కూర్చుని నేర్చుకోసాగారు.

1965లో ఆ సంఘం పశ్చిమ లండన్‌లోని ఈలింగ్‌లో సొంతంగా బడి తెరిచింది. తర్వాతి కాలంలో ఆ బడికి ఎల్గర్ పేరే పెట్టారు. సరిగ్గా అదే ఏడాది ప్రభుత్వం 10/65 అనే సర్క్యులర్ జారీ చేసింది. పదకొండో ఏటి పరీక్షను ఎత్తివేసి, ఊళ్లోని పిల్లలందరూ కలిసి చదివే కాంప్రిహెన్సివ్ స్కూళ్లు పెట్టమని స్థానిక అధికారులను కోరింది. పేద పిల్లలకు అది మేలైన మార్పే. అలా వచ్చిన బడులు చాలాచోట్ల వెయ్యి మంది పిల్లలతో కిక్కిరిసి ఉండేవి. ఆటిజం ఉన్న బిడ్డకు ఆ పరిమాణమే పెద్ద అడ్డంకి అవుతుందని అప్పట్లో ఎవరికీ తట్టలేదు.

అసలు ఇలాంటి పిల్లలు ఎందరున్నారు? విక్టర్ లాటర్ మిడిల్‌సెక్స్ కౌంటీలో ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలను సర్వే చేసి, ప్రతి పదివేల మందిలో 4.5 మంది ఉన్నారని 1966లో ప్రకటించారు. ఈనాటి అంచనాల ముందు అది చాలా చిన్న అంకె. అయినా చేతిలో ఒక అంకె ఉండటం వల్ల సంఘం వాదనకు బలం వచ్చింది. 1970లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ఆటిజం ఉన్న పిల్లలకు ప్రత్యేక బోధన ఏర్పాటు చేయమని స్థానిక విద్యాధికారులకు చెప్పింది. రెండోది 1971 ఏప్రిల్ నుంచి 57వ సెక్షన్ తీర్మానాలకు తెర దించింది. శిక్షణ కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో ఉన్న సుమారు 32,000 మంది పిల్లలు విద్యాశాఖ కిందికి వచ్చారు. అప్పటి నుంచి చదువుకు అర్హత లేని బిడ్డ అంటూ ఇంగ్లండ్ చట్టంలో లేడు.

తర్వాతి మలుపు మేరీ వార్నాక్ పేరుతో ముడిపడి ఉంది. తత్వవేత్త అయిన ఆమె అధ్యక్షత వహించిన కమిటీ 1978లో నివేదిక ఇచ్చింది. ప్రతి ఐదుగురు పిల్లల్లో ఒకరికి ఏదో ఒక దశలో ప్రత్యేక సాయం అవసరమవుతుందని చెప్పింది. 1981 చట్టం 1945 నాటి ఆ రకాల విభజనను రద్దు చేసి, ‘స్టేట్‌మెంట్’ అనే పత్రాన్ని తెచ్చింది. బిడ్డ అవసరాలేమిటి, వాటికి ఏం చేయాలి, ఏ బడిలో చేర్చాలి అన్నవి అందులో రాయాలి. వీలైనంత వరకు మామూలు బడిలోనే చదివించాలన్నది దాని మొగ్గు. పాత ముద్రలు పోవడం మంచిదే. కానీ అవి పోయిన చోట ఆటిజానికంటూ విడిగా ఆలోచించే అలవాటు కూడా సన్నగిల్లింది.

ఆ 1981లోనే లోర్నా వింగ్ రాసిన వ్యాసం ఆస్పెర్గర్ పేరును ఇంగ్లిషు ప్రపంచానికి పరిచయం చేసింది. బాగా మాట్లాడే, బాగా చదివే పిల్లల్లో కూడా ఆటిజం ఉండవచ్చని అప్పటి నుంచి గుర్తించసాగారు. వీరిలో చాలామంది ప్రైమరీ బడిలో నెట్టుకొచ్చేస్తారు. అక్కడ ఒకే గది, ఒకే టీచరు, తెలిసిన ముఖాలు. సెకండరీలో గంట మోగగానే వందల మంది ఒకేసారి వరండాలోకి వస్తారు. బ్యాగులు తగులుతాయి, తలుపులు దబదబలాడతాయి, క్యాంటీన్ వాసన గుప్పుమంటుంది. రోజుకు ఐదారు గదులు, ఐదారుగురు టీచర్లు, మెడకు బిగించిన టై. పదేళ్ల వరకు ఎవరి కంటా పడని ఇబ్బంది పదకొండో ఏట ఒక్కసారిగా బయటపడటానికి కారణం ఇదే. ముఖ్యంగా తోటివారిని చూసి అనుకరిస్తూ తమ కష్టాన్ని దాచుకునే ఆడపిల్లల విషయంలో ఇలా ఎక్కువగా జరుగుతుంది. అనుభవం మీద బడులు కొన్ని పద్ధతులు కనిపెట్టుకున్నాయి. వేసవి సెలవులకు ముందే, వరండాలు ఖాళీగా ఉన్నప్పుడు బిడ్డను తీసుకొచ్చి చూపిస్తారు. ఏ గది ఎక్కడుందో, ఏ టీచరు ఎవరో ఫొటోలతో చిన్న పుస్తకం చేసి ఇస్తారు. గంటకు ఐదు నిమిషాల ముందే క్లాసు నుంచి పంపిస్తారు. కొన్ని పెద్ద బడులు ఆవరణలోనే ఆటిజం పిల్లల కోసం ఒక ప్రత్యేక విభాగం నడుపుతాయి. కొన్ని పాఠాలు అక్కడ, కొన్ని అందరితో కలిసి. ఇటు పూర్తిగా ప్రత్యేక బడి, అటు ఏ ఆసరా లేని మామూలు బడి కాక మూడో దారి కావాలనుకునే తల్లిదండ్రులు ముందుగా వెతికేది ఈ విభాగాన్నే.

1994లో ఏర్పడిన ప్రత్యేక విద్యా అవసరాల ట్రైబ్యునల్ తల్లిదండ్రుల చేతికి నిజమైన ఆయుధాన్ని ఇచ్చింది. అంతకుముందు స్థానిక అధికారుల నిర్ణయంపై ఫిర్యాదు మళ్లీ ఆ స్థానిక వ్యవస్థ చుట్టూనే తిరిగేది. ఇప్పుడది బయటి న్యాయపీఠం ముందుకు వెళ్లింది. మరోవైపు తల్లిదండ్రులు బడులు కట్టడం మానలేదు. 1997లో లండన్‌లో మొదలైన ట్రీహౌస్ బడి స్థాపకుల్లో నవలాకారుడు నిక్ హార్న్‌బీ ఒకరు. 2005లో వార్నాక్ తానే ఒక చిన్న పుస్తకం రాసి, అందరినీ మామూలు బడిలోనే కూర్చోబెట్టాలన్న పట్టుదల శ్రుతిమించిందన్నారు. పెద్ద బడుల్లో నలిగిపోతున్న పిల్లల్లో ఆటిజం ఉన్నవారిని ఆమె ప్రత్యేకంగా ప్రస్తావించారు. తన పేరు మీద నడిచిన విధానాన్ని తానే తప్పుపట్టడం తేలిక కాదు. ఆ మాట కొందరికి నచ్చలేదు కానీ, పిల్లల తల్లులు చాలాకాలంగా చెబుతున్నది కూడా అదే.

2014 సెప్టెంబరు నుంచి స్టేట్‌మెంట్ల స్థానంలో విద్య, ఆరోగ్యం, సంరక్షణ మూడూ కలిపిన ప్రణాళిక అమల్లోకి వచ్చింది. దీన్ని ఈహెచ్‌సీ ప్లాన్ అంటారు. అవసరాన్ని బట్టి 25 ఏళ్ల వరకు కొనసాగుతుంది. ఈ ప్లాన్లు ఉన్న బడి పిల్లల్లో అన్నిటికంటే తరచుగా నమోదయ్యే ప్రధాన అవసరం ఇప్పుడు ఆటిజమే. పత్రంలోని విభాగాలకు ఏ నుంచి కే వరకు అక్షరాలున్నాయి. బీ విభాగంలో బిడ్డ అవసరాలు, ఎఫ్‌లో అందించాల్సిన సాయం, ఐలో బడి పేరు రాస్తారు. స్థానిక కౌన్సిల్ తల్లిదండ్రులకు ముసాయిదా పంపేటప్పుడు ఐ విభాగాన్ని ఖాళీగా వదలాలన్నది నియమం. తల్లిదండ్రులు తమకు కావలసిన బడి పేరు చెప్పడానికి కనీసం 15 రోజుల గడువు ఇవ్వాలి. ఆ బడి బిడ్డకు తగదనో, బిడ్డ చేరిక తోటి పిల్లల చదువుకు అడ్డమవుతుందనో, ఖర్చు సమర్థనీయం కాదనో చూపించగలిగితే తప్ప సాధారణంగా కౌన్సిల్ ఆ పేరే రాయాలి. ప్రభుత్వ నిధులతో నడిచే బడి పేరు రాశాక సీట్లు నిండాయన్న సాకుతో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు.

సెప్టెంబరులో సెకండరీలో చేరవలసిన బిడ్డకు ఆ ఏడాది ఫిబ్రవరి 15లోగా బడి పేరు ఖరారు చేయాలి. ఖరారైన పేరు నచ్చకపోతే ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఇటీవలి ఏళ్లలో విచారణ దాకా వెళ్లిన కేసుల్లో 90 శాతానికి పైగా, కనీసం కొంతమేరకైనా, తల్లిదండ్రుల పక్షానే తేలాయి. విచారణ తేదీ సెప్టెంబరు దాటితే మాత్రం, కౌన్సిల్ రాసిన బడికి వెళ్లలేని బిడ్డ తీర్పు వచ్చేదాకా ఇంట్లోనే ఉంటాడు.