ఎండల మల్లన్న కొండపై చెట్టు ఎంత పెరుగుతుంది? తేల్చేది ఎండ కాదు.. నీరే!

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర రావివలస అనగానే గుర్తొచ్చేది ఎండల మల్లికార్జున స్వామి. పైకప్పు లేకుండా ఎండకు, వానకు ఆరుబయటే ఉండే భారీ శివలింగం. ఇక్కడి సుమంచ పర్వతం ఔషధ మొక్కలకు నెలవని స్థలపురాణం. మరి ఇలాంటి కొండల మీద చెట్టు ఏ ఏడాది ఎంత పెరుగుతుందో లెక్కకట్టొచ్చా? అందుకు కంప్యూటర్ మోడల్స్ ఉన్నాయి.

వాటిలో తేలిగ్గా అర్థమయ్యేది వీఎస్-లైట్. రష్యా శాస్త్రవేత్తలు వాగనోవ్, షాష్కిన్ పేరుతో ఉన్న పెద్ద మోడల్‌కు ఇది 2011లో వచ్చిన చిన్న రూపం. దీనికి ఇవ్వాల్సింది మూడే.. ఆ చోటు అక్షాంశం, నెలవారీ ఉష్ణోగ్రత, నెలవారీ వాన. వీటితో నేలలో తేమ ఎంతుందో అంచనా వేస్తుంది. తర్వాత ప్రతి నెలా వేడికో మార్కు, తేమకో మార్కు. రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే తీసుకుని, పగటి వెలుతురుతో కలిపి ఆ నెల పెరుగుదల చెబుతుంది. ఏడాది మొత్తాన్ని మానులోని వలయాల వెడల్పుతో పోల్చి చూస్తారు. ఏటా వలయం వేసే టేకు ఇందుకు బాగా పనికొస్తుంది.

హిమాలయాల్లో బాగా ఎత్తున చలే చెట్టును ఆపుతుంది. తూర్పు కనుమల్లో వేడికి కొదవే లేదు, మార్కు పడిపోయేది తేమ దగ్గరే. అందులోనూ అన్ని కొండలూ ఒకటి కాదు. పక్కనే ఒడిశాలో ఉన్న 1501 మీటర్ల మహేంద్రగిరి పైన చల్లగా ఉంటుంది, తడి త్వరగా ఆరదు. కింద రాతి గుట్టల మీద మట్టి పలచన, పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. పైగా గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంటే వాన తగ్గకపోయినా నేల ముందే ఆరిపోతుంది.

మరి తుపాను మాటేంటి? ఉద్దానంలో ఎవరైనా ముందు అడిగేది ఇదే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల గాలులకు జీడి, కొబ్బరి తోటలు నేలకూలాయి. వీఎస్-లైట్‌కు మాత్రం అది అక్టోబర్‌లో పడ్డ వాన, అంతే! గాలి దాని లెక్కలోనే లేదు. కొమ్మ విరిగి, ఆకు రాలిన చెట్టు ఆ తేమను ఎలా వాడుకుంటుంది? అందుకే ఇక్కడి కొండలకు ఈ లెక్క కడితే తుపాను ఏడాదులను విడిగా చూడాల్సిందే.

ఈ లెక్క అడవితోనే ఆగదు. పెరిగే చెట్టు నీళ్లు తాగుతుంది. అది తాగగా మిగిలిందే వాగుల్లోకి, మహేంద్రగిరి వైపు నుంచి వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలిసే మహేంద్రతనయలోకి చేరుతుంది.