కల్లుకుండ, బీరుసీసా: పెన్న ఒడ్డున పానీయాల చరిత్ర

1938వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీన కడప జిల్లాలోని కల్లు దుకాణాలు, సారాయి దుకాణాలు మూతపడినాయి. సరిగా ఏడాదికి ముందు, 1937 అక్టోబరు 1న, అప్పటి మద్రాసు రాష్ట్రంలో సేలం జిల్లా ఒక్కదానియందే మద్యనిషేధం ప్రారంభమయినది. మంత్రివర్గానికి నాయకుడైన రాజగోపాలాచారి సొంత జిల్లా అది. రెండవ ఏట చిత్తూరు, కడప జిల్లాల వంతు వచ్చినది. ఆనాడు రాష్ట్రాదాయంలో సుమారు నాలుగవ వంతు అబ్కారీ వల్లనే లభించేది. ఆ లోటును పూడ్చుకొనడానికే 1939లో సాధారణ అమ్మకపు పన్ను పుట్టినది. ఈనాడు ప్రతి రసీదు అడుగున కనిపించే పన్నుకు అది తాతవంటిది. ఒక జిల్లాలో కల్లుకుండ బోర్లించినందువల్ల దేశమంతటి పన్నుల పద్ధతిలో ఒక కొత్త అధ్యాయం మొదలయినదంటే ఆశ్చర్యమే!

ఇంతకూ ఆ కుండలో ఉన్నదేమి? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాల పల్లెలలో కష్టజీవి సాయంత్రం త్రాగేది ముఖ్యంగా ఈతకల్లు. కోస్తా జిల్లాలలో తాటిచెట్టుకు ఉన్న స్థానం ఇక్కడ ఈతచెట్టుకు ఉండేది. పెన్న, దాని ఉపనదులు, వాటిలో కలిసే వాగులు, వంకల గట్లమీద అది విత్తకుండానే మొలుస్తుంది, నీరు పెట్టకుండానే పెరుగుతుంది. గీసే వృత్తివారిని రాయలసీమలో ఈడిగవారు అంటారు. దొరలకు ఇష్టమైన బీరు ఈ ప్రాంతపు పల్లెలలోకి చాలాకాలం ఎందుకు రాలేదో, కల్లు ఎందుకు నిలిచినదో తెలియాలంటే ఆ రెండు పానీయాలు తయారయ్యే తీరును కొంచెం పరిశీలించాలి.

బీరు ధాన్యంనుండి వస్తుంది. ధాన్యంలో ఉండేది పిండిపదార్థం. దానిని చక్కెరగా మార్చనిదే ఈస్టు అనే సూక్ష్మజీవి ముట్టదు. అందుచేత యవలను నానబెట్టి మొలకెత్తించవలెను. మొలకలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా విడగొట్టుతాయి. తరువాత మొలకలను ఆరబెట్టి, దంచి, వేడినీటిలో కలిపి, చేదుకోసం హాపు పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్టును కలపవలెను. ఇందులో యవలుగాని, హాపు పువ్వులుగాని కడప నేలలో పండేవి కావు. పండేది జొన్న, కొర్ర, సజ్జ, రాగి. జొన్న మొలకలతో కూడా బీరు చేయవచ్చుననడానికి దక్షిణాఫ్రికా ప్రజలే సాక్షులు. కాని కరవు సీమలో జొన్న, రాగి సంగటికే చాలనప్పుడు పానీయానికి పోసేదెవరు? విశాఖ మన్యపు కొండలలోను, దానిని ఆనుకొన్న కోరాపుట్ ప్రాంతంలోను ధాన్యంతో లందా అనే పానీయం చేసుకొనే అలవాటు ఉన్నది. పెన్న లోయలో పులియబెట్టిన ధాన్యమంటే అంబలి మాత్రమే.

ఈతచెట్టు విషయం వేరు. దాని రసంలో నూటికి 10 నుండి 14 పాళ్ల వరకు చక్కెర సిద్ధంగా ఉంటుంది. మొలకెత్తించే పని లేదు, కాచే పని లేదు. చెట్టు తలకట్టులో ఒక ప్రక్క మట్టలను కొట్టి, మెత్తని కాండాన్ని పలుచగా గీస్తే రసం ఊరుతుంది. గీతవాడు మోకు నడుముకు వేసుకొని సాయంత్రం ఎక్కి, గీసి, కుండ కట్టి దిగుతాడు. తెల్లవారకముందే మళ్లీ ఎక్కి దించుతాడు. ఆ రసంలోనికి ఈస్టును ఎవరూ వేయరు. గాలిలోనుండి, పురుగులనుండి, గీసిన గాటునుండి అది తానే వస్తుంది. అంతకంటె ముఖ్యమైనది కుండ. నిన్నటి కల్లు అడుగున పట్టుకొన్న మడ్డిలో కోట్లకొలది సూక్ష్మజీవులుంటాయి. పాలకు పెరుగు తోడు ఎట్లాగో, రసానికి ఆ మడ్డి అట్లాగు. తరతరాల గీతవారు సూక్ష్మదర్శిని చూడకుండానే ఈ తోడును కాపాడుతూ వచ్చినారు.

పులియడంలో జరిగే రసాయన చర్యను ఉన్నత పాఠశాల విద్యార్థి సులభంగా లెక్కకట్టవచ్చును. చెట్టురసంలోని చక్కెర మొదట నీటితో కలిసి ద్రాక్షచక్కెర, ఫలచక్కెరలుగా విడిపోతుంది. తరువాత అవి ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువులుగా మారుతాయి. 342 గ్రాముల చెరకు చక్కెరకు 184 గ్రాముల ఆల్కహాలు రావలెను. కాబట్టి నూరు గ్రాముల రసంలో 12 గ్రాముల చక్కెర ఉంటే, అంతా మారినప్పుడు సుమారు ఆరున్నర గ్రాముల ఆల్కహాలు, అనగా ఘనపరిమాణంలో నూటికి 8 పాళ్లు పుట్టవలెను. అయితే నిజమైన కల్లులో సామాన్యంగా నూటికి 4 నుండి 6 పాళ్లే కనిపిస్తుంది. మిగిలిన చక్కెర ఏమయినది? కుండలో ఈస్టు ఒంటరిగా లేదు. లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియాలు ముందే పని ప్రారంభిస్తాయి. పొద్దెక్కినకొద్దీ ఎసెటిక్ బాక్టీరియాలు ఆల్కహాలును వెనిగరుగా మార్చుతాయి. తెల్లవారు జామున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి పొంగి, మరునాటికి నోట పెట్టలేనంత పుల్లనవుతుంది. తాటికల్లు వంటి పానీయాలలో ఈస్టుతోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియం కూడా ఆల్కహాలును తయారుచేస్తుంది. దీనిని మెక్సికో దేశపు కలబందజాతి మొక్క రసంతో చేసే పుల్క్ అనే పానీయంలో కూడా గుర్తించినారు.

మద్యంలో ఇన్ని తరగతులున్నవని మన పూర్వులకు బాగా తెలుసు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే ఉద్యోగి ఉన్నాడు. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని ఆరు రకాలు పేర్కొనబడినాయి. మినుముల పిండి, బియ్యం, కొన్ని మూలికలు కలిపి చేసే తోడుకు అందులో కిణ్వమని పేరు. శాస్త్రగ్రంథాలలో ఈనాడు వాడే కిణ్వనమనే మాటకు మూలం అదే. కల్లు అనే మాట మాత్రం సంస్కృతంనుండి వచ్చినది కాదు. తమిళంలోను, కన్నడంలోను ఇదే మాట స్వల్పభేదంతో ఉన్నది. ఇంగ్లీషువారి టాడీ మన తాడిచెట్టు పేరే.

ఐరోపాలో ఈ రహస్యం విప్పినవాడు లూయీ పాశ్చరు. పులియడమంటే ప్రాణుల పని అని 1857 తరువాతి పరిశోధనలలో చూపి, 1876లో బీరుపై ఒక పెద్ద గ్రంథాన్ని ప్రకటించినాడు. 1883లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ ఒకే కణంనుండి శుద్ధమైన ఈస్టును పెంచినాడు. 1897లో బుఖ్నర్ ఈస్టును నలిపి తీసిన ప్రాణంలేని రసంతో కూడా చక్కెరను పులియించి, ఎంజైముల అధ్యయనానికి ద్వారం తెరచినాడు. ఆయనకు 1907లో నోబెల్ బహుమానం లభించినది. వీటన్నిటి ఫలితంగా బీరు ఎక్కడ చేసినా ఒకే రుచి ఉండే పానీయమయినది. కల్లుకు ఆ భాగ్యం కలుగలేదు. ఏ ఊరి కుండ రుచి ఆ ఊరిదే.

బీరుకు మరియొక చిక్కు ఉన్నది: చలువ. లాగర్ జాతి బీరు పులియడానికి సుమారు 8 నుండి 13 డిగ్రీల సెంటీగ్రేడు చాలు. తరువాత ఇంకా చల్లగా వారాల తరబడి నిలువ ఉంచవలెను. జర్మనీలో కార్ల్ లిండే 1870 దశకంలో శీతల యంత్రాన్ని నిర్మించినప్పుడు మొదట కొన్నవారిలో బీరు కర్మాగారాలవారే ముఖ్యులు. మన దేశంలో ఇంగ్లీషువారు 19వ శతాబ్ది మధ్యలో కసౌలీ వంటి హిమాలయపు ఊళ్లలో బీరు చేయడం ప్రారంభించినది ఆ చలువకోసమే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ప్రొద్దుటూరులో అది ఊహకందని పని. సీసా దిగుమతి చేసుకోవాలన్నా, మద్రాసు నుండి రాయచూరు వైపు పోయే రైలుమార్గం ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయినదే కాని ఈ మూడు పట్టణాలను తాకలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు నంద్యాల మార్గంలో రైలు వచ్చినది 2016లో!

ఇక ప్రభుత్వం సంగతి. 1800లో ఈ సీమ నైజాము నుండి కుంఫిణీవారికి దత్తమయినది. థామస్ మన్రో కలెక్టరుగా భూమిశిస్తు లెక్క కట్టిన కాలంలోనే అబ్కారీ కూడా ఆదాయపు పద్దులలో చేరినది. అమ్మే హక్కును వేలంలో గుత్తకు ఇచ్చేవారు. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చిన తరువాత క్రమంగా గీసే ప్రతి చెట్టుకూ పన్ను, ప్రతి చెట్టుమీద ఒక గుర్తు. చెట్టు రైతుది, శ్రమ ఈడిగవానిది, లాభం గుత్తదారుది, పన్ను సర్కారుది. త్రాగినవానికి మిగిలినదేమో ఎవరూ పద్దు వ్రాయలేదు.

గుత్తదారుకు కల్లుకంటె సారాయి అనుకూలమైన సరకు. కల్లు ఒక్క పూటలో చెడుతుంది, పదిమైళ్లు పోదు. సారాయి ఎన్నాళ్లైనా నిలుస్తుంది. బెల్లపు నీళ్లలో తుమ్మచెక్క వేసి పులియబెట్టి, బట్టీ పెట్టి ఆవిరిని చల్లార్చి దీనిని దించుతారు. చెక్కలోని వగరు పదార్థం కొన్ని అక్కరలేని బాక్టీరియాలను అణచుతుంది. కల్లులో నూటికి 5 పాళ్లున్న ఆల్కహాలు ఇందులో 30, 40 పాళ్లకు చేరుతుంది. రోజుకు ఒక ముంత కల్లుకు, అంతే సారాయికి గల భేదం ఇంతలోనే ఉన్నది. నిషేధాన్ని వ్యతిరేకించినవారు కల్లును వేరుగా చూడుమని కోరినది ఇందువల్లనే. ఈస్టు కణాలలో బి విటమినులు ఉన్నమాట నిజమే. కల్లు పేదవాని ఆహారమనే వాదానికి ఇది కొంత బలమిచ్చినది. అయితే కూలిలో సగం కుండకు పోయిన ఇంటిలో పిల్లలకు ఆ విటమినులు అందవు.

1938లో ప్రభుత్వం మరొక దారి చూపదలచినది. పులియని రసమే నీరా. వార్ధాలో 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘం, దాని నిర్వాహకుడు జె. సి. కుమారప్ప తాటి, ఈత బెల్లాలను ప్రోత్సహించినారు. నీరాకు కావలసినది ఒకే ఒక వస్తువు: సున్నం. కుండ లోపల సున్నం పూస్తే రసం క్షారగుణం పొందుతుంది. ఈస్టుకు, లాక్టిక్ బాక్టీరియాలకు అది సరిపడదు. సున్నం ఎక్కువైతే బెల్లం చెడుతుంది. దానిని బొగ్గుపులుసు వాయువుతోనో, సూపర్‌ఫాస్ఫేటుతోనో విరిచి వడగట్టుతారు. రసాయనికంగా ఇందులో లోపం లేదు. కాని నీరా తెల్లవారి చల్లని గంటలలోనే అమ్ముడుపోవలెను. వంటచెరకు ప్రియమైన సీమలో బెల్లం కాచడం కూడా సులభం కాదు. ఇన్నాళ్లు గీసినవానికి ఇది పూర్తి జీవనోపాధి కాలేకపోయినది. మరొక అసమానత కూడా ఉన్నది: సొంత వాడకానికి విదేశీ మద్యం ఉంచుకొనడానికి అనుమతి పత్రాలు ఇచ్చే వీలు చట్టంలో ఉండేది. అనగా సీసాకు దారి ఉన్నది, కుండకు లేదు.

యుద్ధకాలంలో కాంగ్రెసు మంత్రివర్గం దిగిపోయిన తరువాత నిషేధం నిలుపబడినది. 1946 అక్టోబరులో కొన్ని జిల్లాలలో తిరిగి మొదలై, 1948 అక్టోబరు నాటికి మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించినది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ నిషేధం వారసత్వంగా వచ్చినది. నిషేధాన్ని పరిశీలించడానికి నియమించిన రామమూర్తి సంఘం దానిని ఎత్తివేయవచ్చునన్నది. గౌతు లచ్చన్న నాయకత్వాన గీతపనివారు సత్యాగ్రహం చేసినారు. కర్నూలు శాసనసభలో 1954 నవంబరులో ఈ సమస్యపైనే వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి, ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయినది. చెట్టురసంమీద ఒక ప్రభుత్వం కూలిపోవడం చరిత్రలో అరుదు. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం 1969లో సడలినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ప్రారంభించిన ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారాయి, 1995లో మద్యమంతా నిషిద్ధమై, 1997లో మళ్లీ సడలినది.

కుండ బోర్లించిన ప్రతిసారీ ఖాళీని మరేదో పూడ్చినది, అది ప్రతిసారీ కల్లుకంటె మంచిదేమీ కాదు. గండికోట ప్రాంతపు ఎర్రమలలవంటి కొండలలో బట్టీ పెట్టడానికి చాటుకు కొదవ లేదు. బెల్లంతో దించిన నాటుసారాలో మిథైల్ ఆల్కహాలు చాలా స్వల్పం. ప్రాణాలు తీసేది పరిశ్రమలకోసం విషం కలిపిన స్పిరిటును అందులో పోయడం. మిథైల్ ఆల్కహాలు శరీరంలో ఫార్మాల్డిహైడుగాను, తరువాత ఫార్మిక్ ఆమ్లంగాను మారి కంటినరాన్ని దెబ్బతీస్తుంది. చూపు మసకబారిన మనిషిని ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

చెట్లు తగ్గి గిరాకీ పెరిగినచోట కల్లు కూడా కల్లుగా మిగలలేదు. నీళ్లు, సాకరిన్ కలిపి, పోయిన మత్తుకు బదులు క్లోరల్ హైడ్రేటు, డయజెపాం, ఆల్ప్రాజోలం వంటి మందులు కలిపిన కేసులు తెలంగాణలోను, ఆంధ్రలోను బయటపడినాయి. ఈ కల్లు ఒక్కసారిగా మానినవారికి వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం వచ్చి ఆసుపత్రుల పాలయినారు. ఆల్కహాలుకంటె మందుల అలవాటే అందుకు కారణమని వైద్యులు గుర్తించినారు. ఇట్టి కల్లులో క్లోరల్ హైడ్రేటును పట్టుకొనడానికి నేరపరిశోధక ప్రయోగశాలలలో వాడే పరీక్ష సరళమైనది: నమూనాకు పిరిడిన్, గాఢ సోడియం హైడ్రాక్సైడు ద్రావణం చేర్చి వేడినీటిలో ఉంచుతారు. క్లోరల్ ఉంటే పైన తేలిన పిరిడిన్ పొర ఎర్రబడుతుంది. చెట్టునుండి దించిన కల్లుకు ఆ రంగు రాదు.