చందుర్తి యుద్ధం బల్ల మీద ఆడితే

పటం మీద ఎర్ర దిమ్మెలు, నీలం దిమ్మెలు. 1824లో ప్రష్యా సేనా వ్యవహారాల అధిపతి మ్యూఫ్లింగ్ ఎదుట రైస్విట్జ్ అనే యువ ఫిరంగిదళ అధికారి పరిచిన ఆట అది. తండ్రి మొదలుపెట్టిన ఆటకు కొడుకు పకడ్బందీగా నిబంధనలు రాశాడు. ఎవరి నష్టమెంతో పాచికలు తేల్చేవి. అంతకంటే గొప్ప ఏర్పాటు మధ్యవర్తి. శత్రుసేనలో నిజంగా కంటపడే భాగాన్నే అతను ఆటగాడికి చూపించేవాడు. గుట్ట వెనక నక్కిన దళం పటమెక్కేది కాదు. మొదట ఉదాసీనంగా కూర్చున్న మ్యూఫ్లింగ్, ఆ ఆటను సైన్యమంతటికీ సిఫారసు చేశాడు.

ఇళ్లలోకి ఈ ఆట బొమ్మలతో వచ్చింది. 1893లో లండన్‌లోని బ్రిటన్స్ సంస్థ లోపల డొల్లగా ఉండే సీసపు సైనికులను పోతపోయడంతో వాటి ధర తగ్గింది. రచయిత హెచ్.జి. వెల్స్ ఆ బొమ్మలనే నేల మీద నిలబెట్టి, స్ప్రింగు ఫిరంగులతో పడగొడుతూ, 1913లో ‘లిటిల్ వార్స్’ అనే నిబంధనల పుస్తకం రాశాడు. అసలు యుద్ధం ఎంత మూర్ఖమైనదో ఆ పుస్తకంలోనే గట్టిగా చెప్పాడు. మరుసటి ఏడాదే ప్రపంచయుద్ధం మొదలైంది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ పుస్తకం ‘వార్ గేమ్స్’ వచ్చాక ఇది పెద్దల అభిరుచిగా స్థిరపడింది.

బొమ్మలకు రంగులేసే పని చూసి కొందరు పిల్లచేష్ట అనుకుంటారు. ఫలానా సంవత్సరంలో ఫలానా పటాలం కోటు ఏ రంగుది, కాలరు ఏ రంగుది అని నెలల తరబడి వెతికి మరీ కుంచె పట్టుకుంటారు ఈ ఆటగాళ్లు. ఆ శ్రద్ధ ఎందుకో తెలియాలంటే మన చందుర్తికి రావాలి.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ తలపడ్డారు. విజయనగరం ఆనందరాజు ఫోర్డ్ పక్షం. ఫోర్డ్ దగ్గర సుమారు 470 మంది ఐరోపా సైనికులు, 1,900 మంది సిపాయిలు. ఎదుట 500 మంది ఐరోపావాళ్లు, 6,000 మంది సిపాయిలు. బెంగాల్ నుంచి వచ్చిన ఫోర్డ్ సిపాయిలు ఎర్రకోట్లు తొడుక్కున్నారు. అతని ఐరోపా దళం నిలువెత్తు పైరు మాటున ఉంది. ఎర్రకోట్లు చూసి, ఆ ఐరోపా దళమే అక్కడ ఉందనుకుని ఫ్రెంచివాళ్లు తమ ఐరోపా దళాన్ని ఆ సిపాయిల మీదికి నడిపించారు.

ఇరవై మందికి ఒక బొమ్మ చొప్పున ఈ యుద్ధాన్ని బల్ల మీదికి తేవచ్చు. ఫోర్డ్ సేనకు 120 బొమ్మలు చాలు. సిపాయిలకు తెల్లబట్టల రంగేస్తే మాత్రం ఆట చచ్చిపోతుంది, ఎందుకంటే కాన్‌ఫ్లాన్స్ ఎందుకు పొరబడ్డాడో ఎవరికీ అర్థం కాదు. రైస్విట్జ్ మధ్యవర్తి ఇక్కడ తప్పనిసరి. పైరులో ఉన్న 24 బొమ్మలను అతను తన దగ్గరే ఉంచుకోవాలి. కాకినాడ కాలేజీల్లో చరిత్ర చదివే పిల్లలు ఒక్కసారి ఇలా ఆడితే బాగుండునని నా ఆశ. ఫ్రెంచి పక్షం ఆడే విద్యార్థి ఎర్రకోట్ల మీదికి దూకుతాడు, సిపాయిలు చెదిరిపోతారు, అతను వరస తప్పి తరుముతాడు. అప్పుడు మధ్యవర్తి ఆ 24 బొమ్మలనూ పైరు అంచున పెడతాడు. ఆ రోజు జరిగింది అదే. నాలుగు నెలలు తిరక్కుండానే, 1759 ఏప్రిల్‌లో, మచిలీపట్నం కోట కూడా ఫోర్డ్ వశమైంది.