ఆకాశ మార్గమున అప్పజెప్పు పాఠము

హైదరాబాదు, బెంగుళూరు రహదారి పక్కనున్న సోమందేపల్లెలో కన్నడము కొత్త భాష కాదు. దక్షిణముగా పోయినచో త్వరలోనే కర్ణాటక సరిహద్దు తగులును. బేరమాడునపుడు మాట అందకపోయిన, మరల అడుగుదురు. అప్పటికిని తెలియకున్న వేళ్ళు చూపుదురు. బెంగుళూరుకు ఉత్తరమున దేవనహళ్ళిలో 2008 లో ఆరంభమైన విమానాశ్రయమునకు రాకపోకలు సాగించు విమానములు ఈ పీఠభూమి మీది ఆకాశమున కనిపించును. వానిని నడపువారికి వేళ్ళు చూపు వీలు లేదు. నేల మీది కంట్రోలరు ముఖము వారికి కనపడదు. వినిపించునది రేడియో గొంతు మాత్రమే.

ఆ గొంతు తప్పుగా అర్థమైన ఏమగునో 1996 నవంబరు 12 సాయంత్రము మన దేశములోనే తెలిసినది. ఢిల్లీ నుండి లేచిన సౌదీ అరేబియా బోయింగు 747 విమానమునకు 14,000 అడుగుల ఎత్తున నిలువుమని ఆదేశము. కజకిస్తాన్ నుండి ఢిల్లీకి దిగివచ్చుచున్న ఇల్యూషిన్-76 కు 15,000 అడుగులు. నడుమ ఎడము వేయి అడుగులు, అనగా సుమారు 305 మీటర్లు. కజక్ విమానములో కంట్రోలరుతో మాట్లాడు పని కెప్టెనుది కాదు. దానికి వేరుగా ఒక రేడియో అధికారి ఉండెను. పైగా సోవియట్ పద్ధతిలో పెరిగిన వైమానికులకు ఎత్తును మీటర్లలో కొలుచుట అలవాటు. ఎదురుగా బోయింగు ‘140 మట్టమున’ వచ్చుచున్నదని కంట్రోలరు చెప్పెను. 140 మట్టమనగా 14,000 అడుగులు. కజక్ విమానము తనకు చెప్పిన ఎత్తున నిలువక, ఆ మట్టమునకే దిగినది! 150 కి ఎక్కుమని రేడియో అధికారి తుదకు హెచ్చరించెను గాని సమయము మించినది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపమున రెండును ఢీకొని 349 మంది మరణించిరి.

న్యాయమూర్తి ఆర్. సి. లహోటీ విచారణ సంఘము అనుమతి లేక దిగుటయే మూలకారణమని తేల్చినది. అట్లు దిగుటకు దారితీసిన వానిలో ఇంగ్లీషు చాలకపోవుట, ఆదేశమును తప్పుగా గ్రహించుట ఉన్నవి. అయితే నెపమంతయు భాషపై నెట్టుట న్యాయము కాదు. ఎత్తును తెరపై చూపు రాడారు నాడు ఢిల్లీ కంట్రోలరు వద్ద లేదు. వచ్చు విమానములకు, పోవు విమానములకు దారి ఒక్కటే.

ఇంగ్లీషు బాగుగా వచ్చినవారికిని ఈ చిక్కు తప్పలేదు. 1977 మార్చి 27 న టెనెరీఫ్ ద్వీపములో డచ్చి విమానపు సహచోదకుడు పలికిన వాక్యమునకు ‘పైకి లేచుటకు పరుగెత్తుచున్నాము’ అని అతని భావము. ‘లేచు చోట నిలిచియున్నాము’ అని కంట్రోలరు గ్రహించెను. దట్టమైన పొగమంచులో అదే రన్‌వేపై మరియొక విమానము ఉండెను. 583 మంది చనిపోయిరి. అటు తరువాత ‘టేకాఫ్’ అను మాటను అనుమతి ఇచ్చునపుడు, దానిని రద్దు చేయునపుడు తప్ప వాడరాదని కట్టడి చేసిరి.

చర్ఖీ దాద్రీ దుర్ఘటన జరిగిన రెండేండ్లకు, 1998 లో, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మహాసభ భాషాసమస్యను ముందుకు తెచ్చినది. 2003 లో ఆరు మెట్ల కొలమానము ఏర్పడెను. అంతర్జాతీయ మార్గములలో పనిచేయు చోదకులు, కంట్రోలర్లు కనీసము నాలుగవ మెట్టు చేరవలెను. 2008 మార్చి గడువు చాలని దేశములకు 2011 వరకు వ్యవధి ఇచ్చిరి.

ఇంతకును ఆకాశపు ఇంగ్లీషు దొరల ఇంగ్లీషు కాదు. అందు 3 ను ‘ట్రీ’ అనియు, వేయిని ‘టౌసండ్’ అనియు పలుకవలెనని నియమము; నాలుక మడతపడు ధ్వనిని కావలెననియే తీసివేసిరి. రేడియో గరగరలో 5, 9 ఒకటిగా వినపడునని వానిని ‘ఫైఫ్’, ‘నైనర్’ చేసిరి. ‘థ్రీ’ అనలేక తరగతిలో నవ్వులపాలైన పిల్లవాడు ఇది విన్న సంతోషించును.

వీనికి తోడు అప్పజెప్పు పద్ధతి ఒకటి కలదు. కంట్రోలరు ఎత్తు చెప్పగనే చోదకుడు ఆ అంకెను, తన విమానపు పేరుతో సహా, తిరిగి పలుకవలెను. ‘సరే’ అన్న చాలదు. కంట్రోలరు దానిని పూర్తిగా విని, తప్పున్న వెంటనే దిద్దవలెను.