తుక్కులోంచి సూదులకెక్కిన పట్టు

బెంగళూరులో సిల్క్ బోర్డు అనగానే ట్రాఫిక్ గుర్తొస్తుంది. ఆ కూడలికి పేరిచ్చిన కేంద్ర పట్టు మండలి 1948 నాటి చట్టంతో ఏర్పడింది. ఊళ్లో అంతకన్నా పాత పట్టు గుర్తు, బసవనగుడి వైపున్న టాటా సిల్క్ ఫామ్. 19వ శతాబ్దం చివర్లో జంషెడ్‌జీ టాటా జపాన్ నిపుణులను రప్పించి అక్కడ పట్టు క్షేత్రం నడిపించారు. చుట్టూ రామనగర, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లు. ఇంత ఉండీ, స్వెట్టర్లూ శాలువాలూ అల్లే చేతులకు ఊలూ అక్రిలిక్కూ నూలే అలవాటు. పట్టు దారపు ఉండ కొత్త సరుకు.

కారణం పట్టు పుట్టుకలోనే ఉంది. ఒక్కో గూటి నుంచి దాదాపు కిలోమీటరు పోగు తెగకుండా వస్తుంది. కొన్ని గూళ్ల పోగులు కలిపి తీసే పనిని రీలింగ్ అంటారు. అలా వచ్చే సన్నటి దారం మగ్గానికి చక్కగా సరిపోతుంది. అల్లిక సూదికి అది మరీ సన్నం. సూదికి తగ్గ లావు దారం మగ్గం వదిలేసిన తుక్కులోంచి వచ్చింది.

పట్టుచిలుక చీల్చుకుని బయటికొచ్చిన గూళ్లు, గూటి పైపొర, రీలింగ్ తొట్టెల్లో మిగిలే చిక్కు: ఇవన్నీ ఒకప్పుడు పారేసే సరుకే. 1850లలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన శామ్యూల్ లిస్టర్ లండన్ గోదాములో పడి ఉన్న ఈ తుక్కును కారుచౌకగా కొన్నాడు. దాన్ని శుభ్రం చేసి దువ్వే యంత్రం కుదిరేసరికి లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. ఆ తర్వాత అతను కట్టిన మానింగ్‌హామ్ మిల్లు ప్రపంచంలోనే పేరుమోసింది. దువ్వగా నిలిచిన పొడుగు పోగులతో స్పన్ సిల్క్, రాలిన పొట్టి పోగులతో గరుకైన నాయిల్ దారం తయారవుతాయి. బెంగళూరు-మైసూరు దారిలోని చన్నపట్టణలోనూ తర్వాత స్పన్ సిల్క్ మిల్లు వెలిసింది.

ఊలు అలవాటైన చేతికి ఈ దారం మొదట చిక్కులే పెడుతుంది. ఊలు పోగుకు పుట్టుకతో వచ్చిన వంకీలుంటాయి. లాగితే సాగి మళ్లీ ముడుచుకుంటుంది. పట్టుకు ఆ గుణం లేదు. ఊలు లెక్కలతో అల్లిన పట్టు స్వెట్టరు తొడుగుతున్నకొద్దీ కిందికి జారుతుంది, అంచుల బిగువు సడలుతుంది. ఉక్కు సూదుల మీద కుట్లు జారిపోతాయి గనుక వెదురు సూదులు మేలు. నమూనా ముక్క అల్లి, తడిపి, ఆరేటప్పుడు వేలాడదీసి కొలిస్తేనే అసలు కొలత తెలుస్తుంది. క్రోషియాలో ప్రతి కుట్టూ దానికదే బిగుసుకుంటుంది కాబట్టి సాగుడు తక్కువ. నరసాపురం లేసు నూలు దారంతో నిలబడ్డదీ ఇలాంటి కట్టుతోనే.

ఇంకో దారి ఎరి పట్టు. ఆముదపు ఆకులు తినే ఈ పురుగు కట్టే గూటికి ఒక కొస తెరిచే ఉంటుంది. పోగు ఒకే పొడుగున రాదు కనుక దాన్ని మొదటినుంచీ వడికే వాడారు. అస్సాంలో చలికి కప్పుకునే దుప్పట్లు దానివే. మల్బరీ పట్టంత మెరుపు లేకపోయినా, వెచ్చదనంలో అది ఊలుకు దగ్గర.

అందుకే పట్టు ఉండ కొనేవారు మెరుపు చూసి మురిసిపోయే ముందు అది రీలింగ్ దారమా, స్పన్ సిల్కా, నాయిలా, ఎరియా అని అడగాలి. ఏం అల్లాలో, సూదితోనా కొక్కెంతోనా అన్నది ఆ జవాబే తేలుస్తుంది.