చిప్పు అమ్మారు, చిట్టా దాచారు

లైనక్స్‌లో నెట్‌వర్క్ కార్డు పలకకపోతే తప్పు డ్రైవర్ రాసినవాళ్ల మీదికే పోయేది. ఉచితంగా వచ్చిన సరుకు అంతేలెమ్మని పెదవి విరిచినవాళ్లకూ కొదవ లేదు. తొలినాళ్ల చరిత్ర చూస్తే మాత్రం, తగాదా కోడ్ దగ్గర కంటే చిప్పు లోపలి వివరాలు ఎవరి బీరువాలో ఉన్నాయన్న దగ్గరే ముదిరిందనిపిస్తుంది. 1990లలో చవకగా దొరికిన ఎన్ఈ2000 కార్డులనే తీసుకుందాం. నోవెల్ నమూనా చూసి ఊరూ పేరూ లేని తయారీదారులెందరో వాటిని అచ్చు దింపారు. తలనొప్పులు తక్కువేం కాదు. ఐఆర్‌క్యూ నంబరు మరో కార్డుతో ఢీకొనేది. కార్డు కోసం వెతుకుతూ కెర్నెల్ వేరే పరికరం పోర్టును తడిమితే యంత్రమే బిగుసుకుపోయేది. అయినా అవి తీరే తలనొప్పులే. ఆ కార్డుల గుండెకాయ అయిన నేషనల్ సెమీకండక్టర్ 8390 చిప్పు వివరాలు అచ్చులో ఉండేవి. దానికీ, మరెన్నో ఈథర్నెట్ కార్డులకూ డ్రైవర్లు రాసిన డొనాల్డ్ బెకర్, 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్‌తో కలిసి 16 మామూలు పీసీలను ఈథర్నెట్‌తో జతచేసి బేవుల్ఫ్ క్లస్టర్‌ను నిలబెట్టారు.

వైఫై వచ్చాక ఆ బీరువాకు తాళం పడింది. బ్రాడ్‌కామ్ చిప్పులు ల్యాప్‌టాప్‌లలో విరివిగా ఉన్నా, వాటి వివరాలు బయటికి రాలేదు. దాంతో ఒక జట్టు కంపెనీ డ్రైవర్‌ను విప్పి చూసి చిప్పు నడవడిని మాటల్లో రాసింది. ఆ డ్రైవర్ జోలికే పోని మరో జట్టు ఆ మాటలను బట్టి కొత్త కోడ్ రాసింది. అలా పుట్టిన డ్రైవర్ 2006లో 2.6.17 కెర్నెల్‌లో చేరింది. చిప్పు లోపల నడిచే ఫర్మ్‌వేర్‌ను పంచే హక్కు మాత్రం దక్కలేదు. కంపెనీ డ్రైవర్ ఫైల్ నుంచి దాన్ని కోసి తెచ్చుకునే పని వాడుకరి నెత్తిన పడింది. లాగ్‌లో ‘ఫర్మ్‌వేర్ దొరకలేదు’ అన్న వాక్యం కనిపిస్తే అది కోడ్ లోపం కాదు, లైసెన్సు లోపం.

రేడియో నిబంధనలున్నాయి, అన్నీ తెరిచిపెడితే ఎవరైనా నిషిద్ధ తరంగాల్లోకి చొరబడరా అని కొందరి వాదన. భయంలో నిజం లేకపోలేదు. ఇంటెల్ కూడా ఈ నిబంధనల కట్టడి కోసం 3945 వైఫై కార్డుకు మొదట ఒక మూసిన డీమన్ ప్రోగ్రామును తగిలించింది. 2007లో ఆ కట్టడిని ఫర్మ్‌వేర్‌లోకే నెట్టి డీమన్‌ను వదిలేసింది. డ్రైవర్ తెరిచే ఉంది, నిబంధనా చెడలేదు. బ్రాడ్‌కామ్ సైతం 2010 సెప్టెంబరులో కొన్ని కొత్త చిప్పులకు ఓపెన్ డ్రైవర్ ఇచ్చింది.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ 2008 నాటిది. 2.6.27 ప్రయోగ కెర్నెళ్లతో కొన్ని ఇంటెల్ గిగాబిట్ కార్డులు తమ అమరికలు దాచుకునే ఎన్‌వీర్యామ్ మెమరీ చెరిగిపోయి మూగబోయాయి. ఇక్కడ డ్రైవర్ రాసింది చిప్పు చేసిన కంపెనీయే, కోడ్ అందరి ముందే ఉంది. మరి బీరువా తెరిచి ఏం లాభం? అనుమానం సహజంగానే ఆ కార్డులను నడిపే ఈ1000ఈ డ్రైవర్ మీద పడింది. అక్టోబరులో దొరికిన దొంగ ఇంకెక్కడో ఉన్నాడు. ఎఫ్‌ట్రేస్ అనే పరిశీలన సాధనం, అప్పటికే ఖాళీ చేసిన మెమరీ చిరునామాలను ఇంకా తనవే అనుకుని వాటిలో రాస్తోంది. ఈలోగా అదే చోటును కెర్నెల్ కార్డు ఎన్‌వీర్యామ్‌కు కేటాయించింది. డ్రైవర్ ఒక్కటే తెరిచి, మిగతా కెర్నెల్ మూసి ఉంటే నింద డ్రైవర్ మీదే నిలిచిపోయేది. ఇంటెల్ ఎన్‌వీర్యామ్‌కు రాత కట్టడి పెట్టింది, 2.6.27.1లో ఎఫ్‌ట్రేస్‌లోని ఆ భాగాన్ని ఆపేశారు.